ఓటరు నాడి పట్టేవాళ్లు: స్టాన్లీ గ్రీన్‌బర్గ్ వృత్తి జీవితం – కొన్ని ప్రశ్నలు

ఎన్నికలు దగ్గరపడ్డాయంటే పత్రికల్లో "ఓటరు నాడి" అనే మాట కనపడని రోజుండదు. నాడి పట్టేది వైద్యుడు. రోగి కోసం పడతాడు, రోగి దగ్గరే ఫీజు తీసుకుంటాడు. ఓటరు నాడి పట్టేవాడికి మాత్రం ఓటరు ఫీజివ్వడు. ఇచ్చేది పార్టీ. లేదంటే పార్టీ వెనకున్న డబ్బు. ఇది అందరికీ తెలిసిన సంగతే. అయినా దీని పర్యవసానాల్ని దళిత ఉద్యమంలో వున్నవాళ్లం, చదువుకున్నవాళ్లం కూడా సరిగా ఆలోచించలేదని మాకనిపిస్తుంది.

మాలో ఒకరు చదువుకునే రోజుల్లో ఒక సర్వే సంస్థకి ఫారాలు నింపే పని చేశారు. ఫారానికింత అని కూలి. ఊరికి పదిహేను ఫారాలు, అందులో ఎస్సీలు ముగ్గురు వుండాలి. ఎండన పడి పల్లెదాకా పోయే ఓపిక లేక, ఊళ్లో పనికొచ్చిన ముగ్గుర్ని ఆసామి పశువుల కొట్టం దగ్గర నిలబెట్టి అడిగేశారు. ఆసామి పక్కనే మంచమ్మీద కూర్చునున్నాడు. "ఎవరికేస్తారు?" అంటే ముగ్గురూ ఆయన మొహం చూసి ఆయన పార్టీ పేరే చెప్పారు. టిక్కు పెట్టేశారు. ఆ మూడు టిక్కులూ ఎక్కడో కలిసి, "జిల్లాలో దళితులు ఇంత శాతం ఫలానా పార్టీ వైపు" అనే అంకెలో చేరి వుంటాయి. ఫారాలు నింపినవాడూ దళితుడే. ఈ తప్పులో మా వాటా కూడా వుందని ముందే ఒప్పుకుంటున్నాం.

ఈ వృత్తి ఎట్లా నడుస్తుందో తెలుసుకోడానికి అమెరికాకి చెందిన స్టాన్లీ గ్రీన్‌బర్గ్ జీవితాన్ని తీసుకుంటున్నాం. అమెరికాలో ఇట్లాంటి వాళ్లు చాలామంది. కొందరు పచ్చి జాతి ద్వేషాన్నే పెట్టుబడిగా పెట్టి గెలిపించారు. అట్లాంటివాణ్ణి తీసుకుని తిట్టడం తేలిక. గ్రీన్‌బర్గ్ అట్లాంటివాడు కాదు. జాతి వివక్ష మీద పరిశోధన చేసిన పండితుడు. నెల్సన్ మండేలాకి పనిచేశాడు. ఆ తర్వాత బొలీవియాలో మూలవాసుల మీద తుపాకులు పేల్పించిన ప్రభుత్వాధినేతని గద్దె ఎక్కించిన ప్రచారం కూడా ఆయన సంస్థదే. ఒకే మనిషి, ఒకే విద్య. మాకు ఆసక్తి కలిగించింది ఇదే.

పండితుడు – సర్వేకారుడు

గ్రీన్‌బర్గ్ 1945లో ఫిలడెల్ఫియాలో యూదు కుటుంబంలో పుట్టాడు. హార్వర్డ్‌లో పిహెచ్.డి. చేసి యేల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. 1980లో ఆయన రాసిన పెద్ద పుస్తకం ఒకటి వచ్చింది. దక్షిణాఫ్రికా, అమెరికాలోని అలబామా, ఉత్తర ఐర్లండ్, ఇజ్రాయెల్ – ఈ నాలుగు చోట్లా పెట్టుబడిదారీ విధానం పెరుగుతుంటే జాతి అంతస్తులు ఏమయ్యాయనేది అందులో ప్రశ్న. పరిశ్రమలొస్తే, మార్కెట్ వస్తే జాతిభేదాలు వాటంతటవే కరిగిపోతాయని నమ్మేవాళ్లు అప్పుడూ వున్నారు. మన దగ్గర రైళ్లొస్తే కులం పోతుందన్నవాళ్లూ, ఆ తర్వాత కంప్యూటర్లొస్తే పోతుందన్నవాళ్లూ వున్నట్టే. గ్రీన్‌బర్గ్ ఆ నమ్మకాన్ని ప్రశ్నించాడు. పెద్ద రైతులు, వ్యాపారులు, చివరికి శ్వేతజాతి కార్మిక సంఘాలు కూడా ఎవరి అవసరం కొద్దీ వాళ్లు జాతి వ్యవస్థని ఎట్లా నిలబెట్టారో చూపించాడు. దళిత అధ్యయనాల్లో వున్నవాళ్లు తప్పక చదవాల్సిన పుస్తకం అని మా అభిప్రాయం.

అదే 1980లో ఆయన సొంతంగా సర్వే సంస్థ పెట్టాడు. కొంతకాలానికి విశ్వవిద్యాలయం వదిలేసి పూర్తిగా ఈ వృత్తిలోకే వచ్చేశాడు.

ఈ వృత్తిలో పనిముట్లు రెండు. ఒకటి అంకెల సర్వే: కొద్దిమందిని అడిగి చాలామంది మనసు తెలుసుకోవడం. ఎంతమందిని అడిగారన్నదాని కన్నా ఎవర్ని అడిగారన్నది ముఖ్యమని 1936లోనే తేలింది. అమెరికాలో 'లిటరరీ డైజెస్ట్' అనే పత్రిక టెలిఫోన్ డైరెక్టరీలు, కార్ల రిజిస్ట్రేషన్ల నించి పేర్లు తీసి ఇరవై లక్షల మందికి పైగా అభిప్రాయాలు సేకరించి, రూజ్వెల్ట్ ఓడిపోతాడని రాసింది. రూజ్వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. ఫోనూ కారూ లేనివాళ్లు పత్రిక లెక్కలోకి రాలేదు, బ్యాలెట్ పెట్టె దగ్గరికి మాత్రం వచ్చారు. జార్జి గాలప్ అంతకన్నా ఎంతో చిన్న శాంపిల్‌తో ఫలితం సరిగ్గా చెప్పి పేరు తెచ్చుకున్నాడు.

రెండోది ఫోకస్ గ్రూప్. ఒకేరకం మనుషుల్ని పదిమందిని ఒక గదిలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, రెండు గంటలు మాట్లాడనిస్తారు. అద్దం అవతల సర్వేవాళ్లు కూర్చుని వింటారు. అంకెలు ఎంతమందో చెబితే ఈ మాటలు ఎందుకో చెబుతాయి. గ్రీన్‌బర్గ్‌కి పేరు తెచ్చింది ఈ రెండో పనిముట్టే.

ఎనిమిదో మైలు రోడ్డు

అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, డెట్రాయిట్ నగరం. కార్ల ఫ్యాక్టరీలకి రాజధాని. నగరానికి ఉత్తరాన 'ఎయిట్ మైల్ రోడ్' అని ఒక రోడ్డుంది. రోడ్డుకి ఈపక్క డెట్రాయిట్, ఎక్కువగా నల్లవాళ్లు. అవతల మకోంబ్ కౌంటీ, ఆ రోజుల్లో దాదాపు అందరూ తెల్లవాళ్లు. ఊరికీ పల్లెకీ మధ్య బాట ఎట్లాంటిదో తెలిసిన మన పాఠకులకి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు.

మకోంబ్ తెల్లవాళ్లు ధనవంతులేం కాదు. కార్ల ఫ్యాక్టరీల్లో కార్మికులు, యూనియన్ సభ్యులు. 1960లో కెనెడీకి 63 శాతం ఓట్లేశారు. 1984 వచ్చేసరికి మూడింట రెండువంతుల మంది రీగన్‌కి వేశారు. కార్మికుల హక్కుల్ని కోసేస్తానన్న పార్టీకి కార్మికులే ఓటేశారన్నమాట. మధ్యలో ఏం జరిగింది? 1967లో డెట్రాయిట్‌లో నల్లవాళ్లు తిరగబడ్డారు, 43 మంది చనిపోయారు. తెల్లవాళ్లు నగరం వదిలి రోడ్డు దాటి పోవడం మరింత పెరిగింది. నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ కలిపి చదివించడానికి బస్సుల్లో అటూ ఇటూ పంపాలని కోర్టు అంటే మకోంబ్ భగ్గుమంది. 1972లో డెమోక్రాటిక్ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో మిషిగన్ గెలిచినవాడు జార్జి వాలెస్, జాతి వేర్పాటుని జీవితాంతం వుంచుతానని ప్రమాణం చేసి అలబామాకి గవర్నరైనవాడు. 1974లో సుప్రీంకోర్టు ఆ బస్సులు నగరం గీత దాటక్కర్లేదని చెప్పింది. గీత గీతగానే వుండిపోయింది.

1985లో మిషిగన్ డెమోక్రాటిక్ పార్టీ గ్రీన్‌బర్గ్‌ని పిలిచి, మనవాళ్లు ఎందుకు పోయారో కనుక్కోమంది. పార్టీ మారిన తెల్ల కార్మికుల్ని ఆయన ఫోకస్ గ్రూపుల్లో కూర్చోబెట్టాడు. వాళ్లు చెప్పింది ఉన్నదున్నట్టు రాశాడు. ఉద్యోగం పోవడానికీ, ఇంటి ధర పడిపోవడానికీ, పన్నులు పెరగడానికీ, పిల్లలకి భద్రత లేకపోవడానికీ, అన్నిటికీ వాళ్లకి కనపడే కారణం నల్లవాళ్లే. అంతకన్నా ముఖ్యమైన సంగతి: తాము మధ్యతరగతి అని వాళ్లు దేన్నిబట్టి అనుకుంటున్నారంటే, నల్లవాళ్లం కాదు కాబట్టి. తమ పేట మంచిది ఎందుకంటే అక్కడ నల్లవాళ్లు లేరు కాబట్టి. నల్లవాళ్ల పట్ల దేశానికి బాధ్యత వుందని రాబర్ట్ కెనెడీ అన్న మాటలు చదివి వినిపిస్తే గదిలో కోపం లేచింది.

మేం ఈ నివేదిక సారాంశాన్ని మొదటిసారి తెలుసుకున్నప్పుడు 1990 గుర్తొచ్చింది. మండల్ వ్యతిరేక ఆందోళనలో రోడ్డెక్కిన పిల్లలు బూట్లు తుడిచీ వీధులూడ్చీ నిరసన చెప్పారు. ఆ పని తమది కాదు కాబట్టే తాము గౌరవనీయులు అనేది ఆ నిరసనలో భావం. మకోంబ్ కార్మికుడు నోటితో చెప్పింది మనవాళ్లు చీపురుతో చూపించారు.

ఆ నివేదిక నిజాయితీగా వుంది. దాచిపెట్టలేదు. మా అభ్యంతరం తర్వాతి అడుగు మీద. రోగం జాతి విద్వేషం అని తేలింది. మందు ఏమిటి? తెల్ల కార్మికుడితో ఆ విద్వేషం గురించి తగువు పెట్టుకోవడం ఎన్నికల లెక్కలో నష్టం. కాబట్టి నల్లవాళ్ల పేరెత్తకుండా, "మరిచిపోబడ్డ మధ్యతరగతి" గురించి, అందరికీ పనికొచ్చే పథకాల గురించి మాట్లాడాలి. అందరికీ పనికొచ్చే పథకాలు మంచివే, అందులో నల్లవాళ్లకీ మేలు వుంటుందని గ్రీన్‌బర్గ్ వాదన. నిజమే అయివుండొచ్చు. కానీ ఒక సంగతి గమనించాలి. ఆ గదుల్లో కూర్చున్నవాళ్లు తెల్లవాళ్లు. నల్లవాళ్ల గురించి రెండు గంటలు మాట్లాడారు, నల్లవాళ్లు మాట్లాడలేదు. రోడ్డు అవతలి ఓటరు ఎటూ పోడన్న ధీమా వుంది. పోనివాణ్ణి అడిగేదేముంది? సర్వేకారుడి డబ్బూ టైమూ ఎప్పుడూ ఊగిసలాడేవాడి మీదే. నమ్మకంగా ఓటేసేవాడి మాటకి విలువ తగ్గిపోవడం ఈ విద్యలోనే వుంది, ఎవరి దుర్మార్గమూ అక్కర్లేదు. ఇక్కడ దశాబ్దాల తరబడి ఒకే గుర్తుకి ఓటేసిన మన పల్లెలకి ఇది అనుభవమే.

1992లో గ్రీన్‌బర్గ్ బిల్ క్లింటన్‌కి సర్వేకారుడయ్యాడు. క్లింటన్ మాటల్లో మకోంబ్ పాఠం వినపడింది. ఆ ఏడాది జనవరి 24న అర్కాన్సాస్‌లో రికీ రే రెక్టర్ అనే నల్లజాతి ఖైదీకి మరణశిక్ష అమలు చేశారు. పోలీసుని చంపిన కేసు. అతను తనని తాను కాల్చుకుని మెదడు దెబ్బతిన్న మనిషి. గవర్నర్ క్లింటన్ ప్రచారం ఆపుకుని మరీ రాష్ట్రానికి వచ్చి ఆ రోజు అక్కడ వున్నాడు. జూన్‌లో జెస్సీ జాక్సన్ సభకే వెళ్లి, సిస్టర్ సోల్జా అనే నల్లజాతి గాయనిని పేరెత్తి విమర్శించాడు. ఇవన్నీ గ్రీన్‌బర్గ్ చెప్పి చేయించాడని మేం అనడం లేదు. ఎవర్ని ఒప్పించాలో తేలిపోయాక, ఎవర్ని నొప్పించినా ఫర్వాలేదో కూడా తేలిపోతుంది అంటున్నాం. క్లింటన్ 43 శాతం ఓట్లతో గెలిచాడు. ముగ్గురి పోటీ కాబట్టి అది చాలింది. 1994లో డెమోక్రాట్లు ప్రతినిధుల సభలో 54 సీట్లు పోగొట్టుకున్నాక గ్రీన్‌బర్గ్ స్థానంలోకి వేరేవాళ్లొచ్చారు. ఈ వృత్తిలో పెన్షన్ లేదు.

దక్షిణాఫ్రికా, 1994

ఇక్కడ కథ మారుతుంది. మేం కూడా కొంచెం ఆగి చూడాలి.

1994 ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లు మొదటిసారి ఓటేశారు. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ ప్రచారానికి గ్రీన్‌బర్గ్ సలహాదారుగా వెళ్లాడు. ఆ దేశం ఆయనకి కొత్త కాదు, అంతకుముందు రెండు పుస్తకాల్లో దాని గురించి రాసినవాడు. ఏ జనాన్ని గురించి పరిశోధన చేశాడో ఆ జనానికే ఇప్పుడు పనిచేయడం.

ఆ ఎన్నికకి ఓటర్ల జాబితా అనేదే లేదు. గుర్తింపు పత్రం చూపించి ఓటెయ్యడమే. లక్షలాది మందికి చదవడం రాదు. అందుకని బ్యాలెట్ కాగితం మీద పార్టీ పేరూ గుర్తుతో పాటు నాయకుడి ఫొటో కూడా వేశారు. తెల్ల ఆసాముల పొలాల్లో పనిచేసే కూలీలకి తమ ఓటు ఎవరికేశారో దొరకి తెలిసిపోతుందేమోనన్న భయం. ఓటు రహస్యం అని చెప్పి నమ్మించడమే ప్రచారంలో పెద్ద భాగం అయింది. పశువుల కొట్టం దగ్గర ఆ ముగ్గురి మొహాలు చూసిన మాకు ఆ భయం బాగా అర్థమవుతుంది.

విముక్తి పోరాటం నడిపిన పార్టీకి అమెరికన్ సర్వేకారుడు చెప్పేదేముంటుంది అని అడగొచ్చు. పార్టీలోనూ ఆ ప్రశ్న వేసినవాళ్లు లేకపోలేదు. అయితే ఫోకస్ గ్రూపుల్లో నల్లవాళ్లు చెప్పింది నాయకులు ఊహించినదానికి కొంత భిన్నంగా వుంది. స్వాతంత్ర్యం వస్తుందని వాళ్లకి తెలుసు, మండేలా అంటే ప్రాణం. పగ తీర్చుకోవడం గురించి కాదు వాళ్లు మాట్లాడింది. ఉద్యోగం, ఇల్లు, నీళ్లు, కరెంటు, పిల్లల చదువు, వీధిలో హింస ఆగడం – వీటి గురించి మాట్లాడారు. ఈ పార్టీ పరిపాలన చేయగలదా అనే అనుమానం కూడా వుంది. మొదట్లో "సమయం వచ్చింది" అనే అర్థమొచ్చే నినాదంతో నడిచిన ప్రచారం, తర్వాత "అందరికీ మెరుగైన జీవితం" అనే నినాదానికి మారింది. మండేలా ఉపన్యాసాలు తగ్గించి, జనం మధ్య నిలబడి ప్రశ్నలు తీసుకునే 'పీపుల్స్ ఫోరం' సభలు పెట్టారు. తరతరాలుగా ఎవరూ ఏమీ అడగని మనుషులు లేచి కాబోయే అధ్యక్షుణ్ణి ప్రశ్నలడిగారు.

ఈ విద్యకున్న ఇంకో మొహం ఇది. అణగారినవాళ్ల పార్టీ తన జనాన్ని తనకి తెలుసనుకుంటుంది. చాలాసార్లు తెలీదు. నాయకుడికి తెలిసింది సభకొచ్చి జిందాబాద్ కొట్టేవాళ్ల మనసు. సభకి రాకుండా ఇంట్లో వున్న ఆడమనిషి ఏమనుకుంటుందో తెలియాలంటే ఎవరో ఒకరు పోయి అడగాలి, చెప్పింది వినాలి, పైకి మోసుకుపోవాలి. మన దళిత పార్టీలూ సంఘాలూ ఈ పని ఎంత చేశాయో ఆలోచించుకోవాలి. మా సంగతే చెప్పుకుంటే, కారంచేడు తర్వాత, చుండూరు తర్వాత ఎన్నో సభల్లో మాట్లాడాం. జనం ఏం కావాలంటున్నారో పద్ధతిగా రాసుకున్న కాగితం మాత్రం మా దగ్గర ఒక్కటీ లేదు.

ఎ.ఎన్.సి.కి 62.65 శాతం ఓట్లూ 400 సీట్లలో 252 సీట్లూ వచ్చాయి. ఒక్క చోట మాత్రం గట్టి దెబ్బ తగిలింది. వెస్టర్న్ కేప్ రాష్ట్రంలో, అక్కడ 'కలర్డ్' అని పిలిచే మిశ్రమ జాతివాళ్లు ఎక్కువమంది తమని కూడా అణచిన నేషనల్ పార్టీకే ఓటేశారు. నల్లవాళ్లొస్తే తమ ఇళ్లూ ఉద్యోగాలూ పోతాయన్న భయాన్ని ఆ పార్టీ వాడుకుంది. మెట్ల మెట్ల అసమానతలో కింది మెట్టుకన్నా పైనున్నవాడు ఎవరి మీద కోపం పెంచుకుంటాడో అంబేడ్కర్ చెప్పిన మాట మనకి తెలుసు. సర్వేలు ఆ భయాన్ని కనిపెట్టగలిగాయి కానీ తీసెయ్యలేకపోయాయి.

ఇక మెరుగైన జీవితం సంగతి. ఐదేళ్లలో పది లక్షల ఇళ్లు కడతామన్నారు. ఇళ్లు కట్టారు, నీళ్లూ కరెంటూ ఎన్నో ఇళ్లకి వెళ్లాయి. కానీ 1996లోనే ప్రభుత్వం ఖర్చులు తగ్గించుకునే ఆర్థిక విధానానికి మళ్లింది. భూమి ఎక్కువభాగం తెల్లవాళ్ల చేతుల్లోనే వుండిపోయింది. జనానికి ఏం కావాలో సర్వే చెప్పింది, వాళ్లు ఓటేశారు. బడ్జెట్ రాసేటప్పుడు మళ్లీ ఫోకస్ గ్రూపులు పెట్టేవాళ్లుండరు.

బొలీవియా, 2002

మధ్యలో ఆయన ఇంగ్లండ్‌లో టోనీ బ్లెయిర్‌కీ ఇజ్రాయెల్‌లో ఎహూద్ బరాక్‌కీ పనిచేశాడు. వాటిని వదిలేసి బొలీవియాకి వద్దాం.

దక్షిణ అమెరికాలో పేద దేశం. 2001 జనాభా లెక్కల్లో పదిహేనేళ్లు పైబడినవాళ్లలో 62 శాతం మంది తాము మూలవాసులమని – ఐమరా, కెచువా, ఇతర తెగలు – చెప్పుకున్నారు. పాలకులు మాత్రం ఎక్కువగా స్పానిష్ మూలాల పైవర్గాలవాళ్లు. 2002 ఎన్నికల్లో గొంజాలో సాంచెజ్ దె లొసాదా మళ్లీ అధ్యక్ష పదవికి నిలబడ్డాడు. అందరూ 'గోని' అంటారు. గనుల యజమాని. చిన్నప్పటినించీ అమెరికాలో పెరిగాడు, స్పానిష్ కూడా అమెరికన్ యాసలో మాట్లాడతాడు. 1993–97లో ఒకసారి అధ్యక్షుడిగా చేసి ప్రభుత్వ సంస్థల్లో సగం వాటా విదేశీ కంపెనీలకి అప్పగించినవాడు. జనానికి ఆయనంటే పడదు. ఆయన గ్రీన్‌బర్గ్, జేమ్స్ కార్విల్, రాబర్ట్ ష్రమ్‌ల సంస్థని కిరాయికి తీసుకున్నాడు.

ఈ ప్రచారం లోపలి సంగతులు మనకి తెలియడానికి కారణం రేచెల్ బాయింటన్ అనే దర్శకురాలు కెమెరా పట్టుకుని ఆ గదుల్లో కూర్చోవడం. 'అవర్ బ్రాండ్ ఈజ్ క్రైసిస్' అనే ఆ డాక్యుమెంటరీ 2005లో వచ్చింది. (అదే పేరుతో 2015లో హాలీవుడ్ కథాచిత్రం కూడా వచ్చింది, అది కాదు.) దొరికితే విద్యార్థులకి వేసి చూపించండి. అక్కడ పని నడిపించింది ప్రధానంగా సంస్థలోని జెరెమీ రోస్నర్. జనం గోనిని ఇష్టపడరని సర్వేలు తేల్చాయి. ఇష్టపడేట్టు చెయ్యడం కుదిరేపని కాదు. కాబట్టి దేశం సంక్షోభంలో వుంది, ఈ సంక్షోభాన్ని దాటించే అనుభవం ఇతనికే వుంది అని చెప్పాలి. సినిమా పేరు అదే: మా సరుకు పేరు సంక్షోభం. ముందున్న అభ్యర్థి మన్‌ఫ్రెడ్ రెయెస్ వియాని కిందికి లాగాలి. ఆయన ఆస్తుల మీదా సైనిక నేపథ్యం మీదా ప్రకటనలు కురిశాయి.

ఇక్కడ ఒక లెక్క చూడండి. బొలీవియా రాజ్యాంగం ప్రకారం అప్పట్లో ఎవరికీ సగానికి పైగా ఓట్లు రాకపోతే అధ్యక్షుణ్ణి పార్లమెంటు ఎన్నుకునేది. అంటే గోనికి సగం మంది అక్కర్లేదు. ఆయనకి 22.46 శాతం వచ్చింది. కోకా రైతుల నాయకుడు, ఐమరా బిడ్డ ఇవో మొరాలెస్‌కి 20.94. రెయెస్ వియాకి 20.91. మొరాలెస్‌ని చాలాకాలం ఎవరూ పెద్ద పోటీగా లెక్కెయ్యలేదు. ఎన్నికకి కొద్ది రోజుల ముందు అమెరికా రాయబారి మాన్యువల్ రోచా, మొరాలెస్‌కి ఓటేస్తే అమెరికా సాయం ఆగిపోతుందని బెదిరించాడు. దాంతో మొరాలెస్ ఓట్లు పెరిగాయి. (ఆ రోచానే క్యూబా గూఢచారి అని 2023లో అరెస్టు చేశారు. నేరం ఒప్పుకున్నాడు, 2024లో పదిహేనేళ్ల శిక్ష పడింది.)

78 శాతం మంది వద్దన్న మనిషి అధ్యక్షుడయ్యాడు. సర్వేకారుడి దృష్టిలో ఇది గొప్ప విజయం. ఏడాది తిరక్కుండానే 2003 ఫిబ్రవరిలో జీతాల మీద పన్ను వేస్తే అల్లర్లు, కాల్పులు. అక్టోబరులో దేశంలోని సహజవాయువుని బయటికి అమ్మే ప్రయత్నం మీద ఎల్ ఆల్తో నగరంలో ఐమరా జనం రోడ్లు మూసేశారు. సైన్యాన్ని దించారు. ఆ రెండు నెలల ఆందోళనలో యాభైమందికి పైగా చనిపోయారు. అక్టోబరు 17న గోని రాజీనామా చేసి అమెరికా పారిపోయాడు. చనిపోయినవాళ్ల ఐమరా కుటుంబాలు అమెరికా కోర్టుల్లోనే ఆయన మీద కేసు నడిపాయి. 2018లో ఫ్లోరిడాలో జ్యూరీ ఆయన్ని బాధ్యుడిగా తేల్చి కోటి డాలర్ల పరిహారం చెప్పింది. జడ్జి దాన్ని కొట్టేశాడు. అప్పీళ్లు, మళ్లీ విచారణ, చివరికి 2023లో రాజీ. చుండూరు కేసులో ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లకి ఇరవయ్యేళ్లంటే ఏమిటో తెలుసు. 2005 డిసెంబరులో మొరాలెస్ 53 శాతానికి పైగా ఓట్లతో గెలిచాడు.

గోనికి మాట తప్పు చెప్పారా సర్వేవాళ్లు? లేదు. ఓట్లు ఎట్లా కూడగట్టాలో సరిగ్గానే చెప్పారు. ఫోకస్ గ్రూపుల్లో మూలవాసులు తమ కోపం చెప్పారు, అద్దం వెనక రాసుకున్నారు. ఆ కోపాన్ని ఎట్లా దాటుకుపోవాలో తెలుసుకోడానికి అది పనికొచ్చింది. దక్షిణాఫ్రికాలో అదేరకం గది, అదేరకం అద్దం, అదేరకం ప్రశ్నలు. 2009లో గ్రీన్‌బర్గ్ తాను పనిచేసిన ఐదుగురు నాయకుల గురించి పుస్తకం రాశాడు. మండేలా, గోని ఇద్దరూ అందులో వున్నారు. గోని సంగతి ఆయన దాటెయ్యలేదు, తనకి తానే ప్రశ్నలు వేసుకున్నాడు. ఆ మాత్రం చేసేవాళ్లు ఈ వృత్తిలో తక్కువ. అయినా ఎల్ ఆల్తోలో చనిపోయినవాళ్లకి ఆ ప్రశ్నల వల్ల ఒరిగిందేమీ లేదు.

మకోంబ్ కథ కూడా అక్కడితో ఆగలేదు. 2008లో మకోంబ్ ఒబామాకి ఓటేసింది. ఇక మకోంబ్ గొడవ ముగిసిందన్న ధోరణిలో గ్రీన్‌బర్గ్ పత్రికలో వ్యాసం రాశాడు. 2012లోనూ ఒబామాకే వేసింది. 2016లో ట్రంప్‌కి ఆ ఒక్క కౌంటీలోనే 48 వేలకు పైగా మెజారిటీ వచ్చింది. మొత్తం మిషిగన్‌లో ఆయన గెలిచింది 10,704 ఓట్లతో. గ్రీన్‌బర్గ్ మళ్లీ వెళ్లి ఫోకస్ గ్రూపులు పెట్టాడు. ముప్పయ్యేళ్ల పాటు ఎవరూ తగువు పెట్టుకోని విద్వేషం ఎక్కడికీ పోకుండా అక్కడే వుంది.

మన దగ్గర

ఈ వ్యాపారం మన దగ్గరికి వచ్చి చాలాకాలమైంది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రశాంత్ కిశోర్ సంస్థ ఐ-ప్యాక్ వైఎస్సార్ కాంగ్రెస్‌కి పనిచేసింది. 175లో 151 సీట్లొచ్చాయి. 2024లోనూ ఆ సంస్థ ఆ పార్టీకే పనిచేసింది, అప్పటికి కిశోర్ తప్పుకున్నాడు. ఓట్లు 39 శాతం, సీట్లు 11. కిశోర్ బీహార్‌లో సొంత పార్టీ పెట్టి 2025లో పోటీ చేస్తే ఒక్క సీటూ రాలేదు. కాబట్టి వీళ్లేదో మంత్రగాళ్లన్న భ్రమ అక్కర్లేదు.

మన కార్యకర్తలు, టీచర్లు తెలుసుకోవాల్సిన చిన్న లెక్క ఒకటుంది. వెయ్యిమందిని అడిగిన సర్వేలో అంకె మూడు శాతం అటూ ఇటూ వుంటుంది. సరే. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో ఎస్సీలు 16.4 శాతం. అంటే ఆ వెయ్యిలో ఎస్సీలు 164 మంది. అంతమందిని బట్టి దళితుల గురించి ఏమైనా చెబితే అది దాదాపు ఎనిమిది శాతం అటూ ఇటూ పోతుంది. "దళిత ఓటు నాలుగు శాతం మారింది" అని పత్రిక రాస్తే అది మారిందో లేదో ఆ సర్వేకే తెలీదు. పైగా ఎస్సీ అనేది ఒకే గడి. 1994 నించీ దండోరా ఉద్యమం మొత్తుకుంటున్నదేమిటి? ఆ గడిలో 59 కులాలున్నాయి అని. మాల, మాదిగ అని విడదీసి చూస్తే ఒక్కో వైపు ఎనభైమంది కూడా మిగలరు, తప్పు పదకొండు శాతం దాటుతుంది. రెల్లి, డక్కలి, మాష్టి వాళ్లు అసలు శాంపిల్లో పడరు. సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో వర్గీకరణకి ఒప్పుకున్నా సర్వే ఫారంలో గడి ఇంకా ఒకటిగానే వుంటే మనకేం తెలుస్తుంది?

కాబట్టి సర్వే అచ్చయినప్పుడు మనం అడగాల్సినవి: ఎంతమంది దళితుల్ని అడిగారు, అందులో ఆడవాళ్లెంతమంది, పల్లెలోకి వెళ్లి అడిగారా ఊళ్లో అడిగారా, అడిగినప్పుడు పక్కన ఎవరున్నారు, డబ్బెవరిచ్చారు. ఈ చివరి ప్రశ్నకి జవాబు చాలాసార్లు దొరకదు.

ఈమధ్య మేం కొందరం కలిసి రెండు పల్లెల్లో మాకు చేతనైనంతలో ఒక ప్రయత్నం చేశాం. ఎవరికి ఓటేస్తారని అడగలేదు. మీకేం కావాలి, అది ఎవరితో చెప్పారు, చెబితే ఏమైంది అని ఇంటింటికీ పోయి అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాం. మొదటి ఇంట్లోనే ఒక ముసలమ్మ ఫారం లాక్కుని తిరగేసి చూసింది. "ఇది ఎవరికిస్తావు నాయనా?" అంది. మా సంఘానికే అమ్మా అన్నాం. "సంఘమోళ్లయితే మళ్లొచ్చి చదివి చెప్తారా?" అంది. చెప్తాం అన్నాం. రెండు పల్లెలవీ కలిపి 212 ఫారాలున్నాయి. వచ్చే నెల అక్కడే, రచ్చబండ దగ్గర కాదు, పల్లెలో చర్చి ముందు కూర్చుని చదవబోతున్నాం.